ఖాళీ గాడి

బమ్రోలి బట్టల మిల్లుల్లో మగ్గాలు బాగుచేసే ముత్యం, డిండోలిలోని ఇంటి ముందు గదిలో సొంతానికి చిన్న లేత్ మిషన్ పెట్టుకున్నాడు. పనిముట్లేమో మిఠాయి డబ్బాల్లో, నూనె డబ్బాల్లో కలగాపులగంగా పడుండేవి. వెతకలేక విసుగెత్తిపోయేవాడు. అందుకే ఆదివారం పాత సామాన్ల బజారులో ఆ టేకు పెట్టె కనబడగానే ప్రాణం లేచొచ్చింది. లోపల ఆకురాళ్లు, ఉలులు, సుత్తులు. ఒక్కోదానికీ దాని ఆకారంలోనే చెక్కలో గాడి తొలిచి ఉంది. ఒక్క గాడి మాత్రం ఖాళీ.

"ఇందులోది ఏదీ?" అని హిందీలో అడిగితే, అమ్మేవాడు నవ్వాడు. "మిల్ జాయేగా, భాయ్." దొరుకుతుందట.

ఇంటికొచ్చి తన పంచులూ, స్పానర్లూ, డ్రిల్ బిట్లూ ఒక్కొక్కటే అందులో పెట్టి చూశాడు. ఏదీ పట్టలేదు.

"జర బుక్కెడు తిని చూసుకోరాదయ్యా, అదేడికి పోతది?" వంటగదిలోంచి భార్య రాజవ్వ కసిరింది.

"ఆగవే, వస్తున్న."

పెట్టెలోని ఆకురాయి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పిడి అంతా వేళ్లు ఆని ఆని నున్నగా అరిగింది. చూపుడువేలు ఆనాల్సిన చోట మాత్రం రంగు కొత్తదానిలా మెరుస్తోంది. సుత్తి చూశాడు, ఉలి చూశాడు. అన్నీ అంతే. వీటిని ఏళ్ల తరబడి వాడిన చేతికి చూపుడువేలు లేదు.

ముత్యం ఖాళీ గాడి వైపు చూశాడు. వద్దు వద్దనుకుంటూనే తన చూపుడువేలు అందులో ఉంచాడు. గోరు నుంచి మొదలు దాకా, కొలత తీసి చెక్కినట్టు కూర్చుంది.

"ఏంది, దొరికిందా?" అని రాజవ్వ అడిగింది.

ముత్యం చెయ్యి లాగాడు. వేలు వెనక్కి రావడం లేదు.