ఫ్యాన్ ఆగకముందు

పొద్దున హార్డ్ డ్రైవు తగిలించగానే లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది. శశికాంత్ దాన్ని ఊడదీసి, వైరు మార్చి, మళ్ళీ తగిలించాడు. మళ్ళీ అదే చప్పుడు. జబ్బుపడిన పిచ్చుకను పట్టుకున్నట్టు దాన్ని అరచేతిలో పెట్టుకుని చెవి దగ్గరకు తెచ్చుకున్నాడు. లాప్‌టాప్ తెర మీద మాత్రం ఏమీ రాలేదు. అసలు ఏదీ తగిలించలేదన్నట్టుంది దాని వాలకం.

సెరంగూన్‌లో అద్దెకు తీసుకున్న ఆ గదిలో, మంచం కింద, అలాంటి డ్రైవులు వరసగా పేర్చి ఉన్నాయి. సింగపూర్‌లో ఏనాడో స్థిరపడిన తెలుగు కుటుంబాల మీద గీతాంజలి తీస్తున్న డాక్యుమెంటరీ అంతా వాటిలోనే ఉంది. డైరెక్టరు కాబట్టి ఆమె హైదరాబాదునుంచి వస్తూ పోతూ ఉంటుంది. ఇక్కడ ఉండిపోయి కెమెరా నడిపేదీ, తీసినదాన్ని భద్రపరిచేదీ శశికాంతే. అతనికో పద్ధతుంది. కెమెరాలో కార్డు నిండగానే రెండు డ్రైవుల్లోకి కాపీ చేస్తాడు. మూడూ అక్షరం పొల్లుపోకుండా ఒక్కటేనని కంప్యూటరు పోల్చి చెప్పేదాకా కుర్చీలోంచి లేవడు. చెప్పాక రెంటికీ ఆకుపచ్చ టేపు అంటించి, కార్డు చెరిపేస్తాడు. ఒక డ్రైవు మంచం కిందకు వెళుతుంది. రెండోది, ఊరెళ్ళే తెలుగువాళ్ళెవరి చేతనో హైదరాబాదు వెళుతుంది. ఇక్కడ అందరూ అలాగే పంపుతారు, చాక్లెట్లయినా, మందులైనా.

టిక్కు టిక్కుమంటున్న ఈ డ్రైవులో సుధాకరరావు ఉన్నాడు.

షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన పెద్దాయన. యూ టీ అనే పేటలో కూతురు ఉజ్వలతో ఉంటాడు. ఆయనకు, ఇంటర్వ్యూ ఇచ్చిన కొన్ని వారాలకు పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది, మాట పోయింది. నిన్న ఉజ్వల ఫోన్ చేసింది.

"ఇంటర్వ్యూ మొత్తం నాకెందుకులే శశీ. అదెలాగూ సినిమాలో వస్తుంది కదా. మొదట్లో నన్ను పిలిచాడే నాన్న, 'చంటీ, ఆ ఫ్యాన్ కట్టెయ్యమ్మా' అని, అది కావాలి. అమ్మ పోయాక నన్ను చంటీ అనేది ఆయనొక్కడే."

"రేపు సాయంత్రం తెచ్చిస్తానక్కా," అన్నాడు శశికాంత్. అనేశాక రాత్రంతా పక్క మీద అటూ ఇటూ దొర్లాడు.

ఎందుకంటే అతనికి ఇంకో పద్ధతి కూడా ఉంది. అది గీతాంజలికి కూడా తెలియదు. ఇంత స్పష్టమైన వీడియో ఎంత చోటైనా మింగేస్తుంది. నెలలు గడిచేకొద్దీ డ్రైవులు చాలకుండా వచ్చాయి. అప్పటినుంచి కాపీ చేసేముందు ప్రతి షాటుకీ మొదలూ చివరా కోసేయడం మొదలుపెట్టాడు. గొంతు సవరించుకోవడాలు, మంచినీళ్ళు తాగడాలు, తలుపు వేయమనడాలు. మొదట్లో దొంగతనం చేస్తున్నట్టుండేది. తర్వాత్తర్వాత గోళ్ళు తీసుకున్నంత హాయిగా ఉండసాగింది. ఆ కోతలు ఎప్పుడు మొదలయ్యాయి, సుధాకరరావు ఇంటికి వెళ్ళకముందా, వెళ్ళొచ్చాకా? ఆ సాయంత్రం కురిసిన వాన గుర్తుంది. ఉజ్వల ఇచ్చిన కాఫీలో చక్కెర ఎక్కువైందని గుర్తుంది. కోశాడో లేదో మాత్రం గుర్తు లేదు. అతని మనసులో ఆ సాయంత్రానికి రెండు కాపీలున్నాయి. ఒకదానిలో కోశాడు, ఒకదానిలో కోయలేదు. రెండూ సమానంగా నిజంలాగే ఉన్నాయి.

తేల్చాల్సింది రెండో డ్రైవే. ఊరెళ్ళేవాళ్ళు దొరక్క ఇన్నాళ్ళూ ఆగి, అది నాలుగురోజుల కిందటే వుడ్‌ల్యాండ్స్‌లో ఉండే హైమావతి ఆంటీతో విమానమెక్కింది. ఆమె ముందు రాజమండ్రిలో పెళ్ళి చూసుకుని, ఆ తర్వాత హైదరాబాదులో గీతాంజలికి ఇవ్వాలి. ఫోన్ చేశాడు. వెనక సన్నాయి మోగుతోంది.

"ఏది బాబూ? ఆ డబ్బానా? అది రాలేదుగా!"

శశికాంత్ మంచం మీద కూలబడ్డాడు.

"ఎయిర్‌పోర్టులో బరువెక్కువైందన్నారు. ఏదో ఒకటి తియ్యాలి కదా. పెళ్ళివారింటికి కొన్న తలనొప్పి నూనె సీసాలు తియ్యనా, నీ డబ్బా తియ్యనా? మా అనన్య చేతికిచ్చేశాను, ఇంటికి పట్టుకుపొమ్మని. అది నీకు చెప్పలేదా?"

"లేదాంటీ."

"దాని మొహం, అదేం చెబుతుంది! అయినా అందులో ఏముందో నువ్వు చెప్పావా? 'చిన్న వస్తువు ఆంటీ' అన్నావు. చిన్న వస్తువు అంత లావుంటుందా నాన్నా? పనసకాయంత ఉంది!"

అతను చెప్పలేదు, నిజమే. విలువైనదని చెబితే భయపడి తీసుకోనంటారని చెప్పలేదు. చెప్పకపోతే జాగ్రత్తగా చూసుకోరేమోనని అట్టమీద అట్ట, స్పాంజి మీద స్పాంజి వేసి చుట్టాడు. ఎంత చుట్టినా గుండె కుదుటపడక, చెక్కపెట్టె కొని అందులో బిగించాడు. మనుషులను నమ్మలేక చేసిన బరువది. ఆ బరువే దాన్ని విమానం దింపింది.

లాప్‌టాప్ సంచిలో వేసుకుని వుడ్‌ల్యాండ్స్‌కు బయలుదేరాడు. రైల్లో చోటు దొరికినా కూర్చోలేకపోయాడు. బిషన్‌లో రైలు మారి, తలుపు పక్కనే నిలబడి, పైనున్న స్టేషన్ల పటంలో తను దాటినవాటినే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. అనన్య దాన్ని పారేసి ఉంటుందా? తెరిచి, తన సినిమాలు నింపుకుని ఉంటుందా? ఉంటేనే నయమేమో. డ్రైవు పోతే నేరం అనన్యది, బరువు తూచినవాళ్ళది, నూనె సీసాలది. దొరికితే తనది.

వుడ్‌ల్యాండ్స్‌లో, సరిహద్దు దాటి మలేషియాలోని జొహోర్ వెళ్ళే జనం పెద్ద పెద్ద సంచులతో ఎదురొచ్చారు. వాళ్ళను తోసుకుంటూ బయటపడి, ఫ్లాట్ల మధ్యనుంచి దాదాపు పరిగెత్తాడు.

తలుపు తీసిన అనన్య చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. పాలిటెక్నిక్‌లో చదువుతుంది, హైమావతికి మనవరాలు.

"ఆ బాక్సా అంకుల్? ఉంది లా. కమ్, కమ్." ఇక్కడి యాసలో మాట చివర 'లా' తగిలిస్తూ, తన గదిలోకి తీసుకెళ్ళి బల్లవైపు చూపించింది. కంప్యూటరు తెర కింద, పీటలాగా, అతని చెక్కపెట్టె ఉంది. అంటించిన టేపు అంటించినట్టే ఉంది.

"తెరవలేదా?"

"ఎలా ఓపెన్ చేస్తాం? అంత టేప్! మమ్మీ కత్తెర కూడా కాంట్ లా. కానీ సూపర్ స్ట్రాంగ్. నా మెడనొప్పి పోయింది, యూ నో." తెరను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. అతను పెట్టె లాక్కున్నాడు. అనన్య తెరను కిందకు దించి, అది మరీ పొట్టిగా అయిపోవడం చూసి మొహం ముడుచుకుంది. "అంకుల్, లోపలిది తీసుకుని బాక్స్ ఇచ్చెయ్యొచ్చు కదా?"

అక్కడే నేల మీద కూర్చుని, వంటింటి కత్తితో టేపు కోశాడు. తను బిగించినదాన్ని విప్పడం తనకే చేతకాలేదు. చివరికి డ్రైవు బయటకు వచ్చింది. పెట్టె అనన్యకు వదిలేశాడు.

స్టేషన్ ప్లాట్‌ఫారం మీద బెంచీ దొరికింది. లాప్‌టాప్ తెరిచి డ్రైవు తగిలించాడు. చప్పుడు లేదు. ఫైళ్ళన్నీ వచ్చాయి. కాపీ చేసిన రోజు లాప్‌టాప్‌లో దాచుకున్న లెక్కతో పోల్చి చూడమన్నాడు. రైళ్ళు వచ్చి పోతున్నాయి, తెర మీద, పని ఎంతయిందో చూపే పచ్చగీత జరుగుతోంది. అంతా సరిపోయిందని చెప్పింది కంప్యూటరు. ఆ మాట చూసినప్పుడల్లా అతని భుజాలు తేలికపడేవి. ఇవాళ పడలేదు. సరిపోయిందంటే దేనితో? తను ఆ రోజు ఉంచినదానితో. ఉంచనిదాని సంగతి దానికేం తెలుసు?

సుధాకరరావు పేరున్న ఫైలు మీద వేలు పెట్టాడు. నొక్కితే తేలిపోతుంది. యూ టీ వైపు వెళ్ళే రైలొచ్చింది. లాప్‌టాప్ మూసేసి ఎక్కాడు. దారిలో క్రాంజి దగ్గర కిటికీ నిండా చెట్లు వచ్చాయి. ఎన్ని నెలలనుంచో ఇంతింత వీడియో దాస్తూ, అందులో ఒక్క మనిషి మాట కూడా తను చివరిదాకా వినలేదని అప్పుడు తోచింది. అతను చూసిందల్లా జరిగే పచ్చగీతనే.

తలుపు తీసిన ఉజ్వల బ్యాంకులో పని ముగించుకుని అప్పుడే వచ్చినట్టుంది, మెడలో ఐడీ కార్డు కూడా తీయలేదు.

"మకాన్ అయిందా శశీ? పొద్దుటినుంచీ ఏమీ తినని మొహంలా ఉంది నీది."

"తర్వాత తింటానక్కా."

సుధాకరరావు హాల్లో కుర్చీలో ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరిదో వస్తువులాగా పడి ఉంది. పైన ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. శశికాంత్ ఆయనకు నమస్కారం పెట్టి, లాప్‌టాప్ టీపాయ్ మీద ఉంచాడు. ఉజ్వల తండ్రి పక్కనే నేల మీద కూర్చుంది. ఇంక తప్పించుకునే దారి లేదు. నొక్కాడు.

తెర మీద సుధాకరరావు వచ్చాడు. కెమెరావైపు కాదు, పక్కకు చూస్తున్నాడు, స్విచ్చులున్న గోడవైపు. ఆయన వెనక గోడ మీద ఫ్యాను రెక్కల నీడ తిరుగుతూ, నెమ్మదిస్తూ, ఒక్కో రెక్కా విడిగా కనబడసాగింది. అప్పుడు ఆయన కెమెరావైపు తిరిగి, "నా పేరు సుధాకరరావండి. మాది కాకినాడ," అన్నాడు.

ఉజ్వల చెయ్యి చాపి ఆపింది. వెనక్కి జరిపింది. మళ్ళీ గోడవైపు చూస్తున్న తండ్రి, మళ్ళీ నెమ్మదిస్తున్న నీడ. ఇంకా వెనక్కి జరపబోయింది. అక్కడ ఇంకేమీ లేదు.

"దీని ముందుది?"

"లేదక్కా."

"లేదంటే? నేనప్పుడే ఫ్యాన్ ఆపాను. నీడ ఇంకా తిరుగుతూనే ఉంది చూడు. పిలిచింది దీనికి ముందేగా?"

"నేనే కోసేశాను. చోటు చాలక."

ఆమె అతనివైపు తిరిగింది. ఆమెకు కోపం వస్తే బావుండుననుకున్నాడు.

"ఒక్క మాటకి ఎంత చోటు పడుతుంది శశీ?"

ఎంత పడుతుందో అతనికి కచ్చితంగా తెలుసు. ఆ లెక్క నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

ఆమె మళ్ళీ నొక్కింది. "నా పేరు సుధాకరరావండి," అంది లాప్‌టాప్ చిన్న గొంతుతో. తర్వాతి మాటలు ఫ్యాను హోరులో కలిసిపోయాయి. సుధాకరరావు మెడ ముందుకు చాచాడు. తన గొంతు తనకే అందడం లేదు. విసుగ్గా పైకి చూశాడు. ఎడమచెయ్యి కుర్చీ మీదనుంచి లేచింది. చూపుడువేలు ఫ్యాను వైపు పోయి, అక్కడినుంచి దిగి, కూతురి మీద ఆగింది. పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. కళ్ళు మాత్రం, తెర మీది వీడియోలో లాగే, స్విచ్చులున్న గోడవైపు తిరిగాయి.

ఉజ్వల లేచి వెళ్ళి ఫ్యాను ఆపింది.

"ఆపాను నాన్నా," అంది. గోడకు ఆనుకుని, స్విచ్చు మీద చెయ్యి తీయకుండా, అక్కడే నిలబడిపోయింది.

శశికాంత్ వీడియో ఆపాడు. మొదటికి జరిపి, వేలు మీట మీద పెట్టి, తలెత్తాడు. గోడ మీద రెక్కల నీడ ఇంకా తిరుగుతోంది. అది పూర్తిగా నిలిచేదాకా చూశాడు. అప్పుడు నొక్కాడు.