వరస తప్పిన ఫారాలు

మూడు వందల పాఠ్యపుస్తకాలు ప్రెస్సుకి వెనక్కి వచ్చాయి. ఎనభయ్యో పేజీ తిప్పితే తొంభై ఏడు కనబడుతోంది. యజమాని ఒకటి బల్లమీద తెరిచిపెట్టి, "ఈ ఫారాలు వరసపెట్టింది ఎవరు?" అని అడిగాడు.

అడగాల్సిన పనిలేదు. బైండింగు షెడ్డులో ఆ పదహారేసి పేజీల మడతల్ని వరసగా పేర్చి, పుస్తకానికొక కట్ట కట్టేది ఒక్కడే. కుట్టుబల్ల దగ్గర అక్క చేతిలో సూది ఆగిపోయింది. తమ్ముడు మాత్రం ఒక ఫారం చేత్తో పట్టుకుని, దాని తర్వాత ఏది తీయాలో గుర్తురాక, కుప్పల మధ్య అలాగే నిలబడ్డాడు.

ఒకప్పుడు చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం. రెండేళ్ళ కిందట ఆ చేతులకి ఎక్కడలేని వేగం వచ్చింది. ఇరవై రెండు రోజులు కంటిమీద కునుకు లేకుండా ముగ్గురి పని చేశాడు. యజమాని మురిసిపోయి 'మిషను' అని పేరు పెట్టాడు. ఇంటికి పంపమని అక్క బతిమాలితే, "చేసేవాణ్ణి చెయ్యనీవమ్మా, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. ఇరవై మూడో రోజున తమ్ముడు ఈ ప్రెస్సు తనదేననీ, అందరికీ జీతాలు పెంచాననీ చెప్పి, తెల్లకాగితం రీములు వీధిన పోయేవాళ్ళకి పంచిపెట్టాడు. జీతాల మాటకి నవ్వినవాళ్ళెవరూ ఆస్పత్రి దాకా రాలేదు. ఆ తర్వాత ఆర్నెల్లు గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్ళమ్మదీ ఇదే జబ్బు. అలా తిరిగి పడుకున్న వీపు అక్కకి కొత్తకాదు.

మాత్రలు పనిచేశాయి. ఏడాదిగా అరుపులూ లేవు, ఏడుపులూ లేవు. బాగైపోయాడన్నారు అందరూ. ఆ బాగైపోయినవాడు నూనెకి వెళ్ళి, ఎందుకొచ్చాడో మర్చిపోయి కొట్టు ముందు నిలబడేవాడు. రెండు పనులు కలిపి చెబితే మొదటిది జారిపోయేది. ఒళ్ళు వంగక నాటకాలన్నారు. డాక్టరమ్మ మాత్రం, "మనసు కుదుటపడింది, ఆలోచన ఇంకా కుదుటపడలేదు. కొందరికి అలా మిగిలిపోతుంది. ఒక్కొక్క పనే చెప్పండి, కాగితం మీద రాసిపెట్టండి," అంది. వీళ్ళు లేస్తుంటే, "ఇంట్లో మిగతావాళ్ళకీ కాస్త మతిమరుపు, పరధ్యానం ఉండొచ్చమ్మా. అంతమాత్రాన జబ్బున్నట్టు కాదు," అని కూడా అంది. అక్క ఆ మాట విననట్టే బయటికొచ్చేసింది.

అప్పట్నించీ అందరూ తిండికి వెళ్ళినప్పుడు ఆమె తమ్ముడు కట్టిన కట్టలు విప్పి, వరస చూసి, మళ్ళీ కట్టిపెట్టేది.

యజమాని గొంతు తగ్గించాడు. "ఆ మాత్రలు నిన్ను మొద్దుని చేశాయిరా. మానెయ్. అప్పట్లా చెయ్యి ఆడిందా, నూరు కట్టలకి ఇచ్చే రేటు రెట్టింపు చేస్తా. లేదా, రేపట్నించి రాకు."

తమ్ముడు చాలాసేపు ఆలోచించాడు. ఈమధ్య దేనికైనా అంతసేపు పడుతోంది.

"మానేస్తే చెయ్యి వస్తుందేమో అక్కా," అన్నాడు. "అప్పుడు నన్ను అందరూ మెచ్చుకునేవాళ్ళు."

ఒక్క క్షణం అక్కకీ ఆశ పుట్టింది. షెడ్డంతా నవ్వించే ఆ పాత తమ్ముడు కళ్ళముందు మెదిలాడు. వాడి కోసం ఈ తమ్ముణ్ణి పణం పెట్టబోతున్నానని తెలిసి సిగ్గుపడింది.

"మాత్రలు మానడండి," అంది లేచి.

"అయితే తీసుకుపో."

"తప్పు వాడొక్కడిదే కాదు. ఆ కట్టలన్నీ నేను చూశాకే కుట్టుకొచ్చాయి. కుట్టిందీ నేనే. మూడొందల సార్లు ఆ ఫారం నా చేతిమీదుగా పోయింది. నాకూ కనబడలేదు."

యజమాని ఆమెని ఎగాదిగా చూశాడు. "అయితే నీకూ ఉందన్నమాట."

అమ్మ పోయినప్పట్నించీ ఎవరో ఒకరు ఈ మాట అంటారని ఆమె భయపడుతూనే ఉంది. బల్ల అంచు పట్టుకుంది.

"ఉందో లేదో నాకు తెలీదండి. వాడికి నిద్ర లేదని తెలిసీ ఇరవై రెండు రోజులు పని చేయించుకున్నారు. అప్పుడు జబ్బని మీకు అనిపించలేదు. ఒకటయ్యాక ఒకటి చెబితే వాడు చేస్తాడు. అలాగైతే ఉంటాం. మాత్రలు మాత్రం మానడు."

యజమాని తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

మళ్ళీ వరసపెట్టి కుట్టడానికి, వెనక్కి వచ్చిన వాటిలో ఒక పుస్తకం అట్ట ఊడదీసి అక్క తమ్ముడి ముందు పెట్టింది. "దారం కొయ్యి నాన్నా. అంతే."

కోశాడు. "ఇప్పుడు?"

"ఇంకోటి."

షెడ్డు మూసేవేళకి ముప్ఫై ఒకటి విప్పారు. ఒక్క కాగితమూ చిరగలేదు. మిగతావాళ్ళు చెప్పులేసుకుని, వీళ్ళవైపు చూడకుండా వెళ్ళిపోతున్నారు. గది తలుపు ఇంకా తెరుచుకోలేదు.

"రేపు కూడా ఇదేనా అక్కా?" అని అడిగాడు తమ్ముడు.

ఆమె ముప్ఫై రెండోది అందుకుంది.