మరియ ఉన్న వరుస

ఇబ్రహీంపట్నం నుంచి మంచాల పోయే దారిలో ఇశ్రాయేలుకు రెండెకరాల చేను ఉంది. ఉందంటే కాగితం మీద ఉంది. నేల మీద సోలార్ కంపెనీ ప్లేట్లు బారులు తీరి ఎండ కాచుకుంటున్నాయి. ఇరవై ఎనిమిదేళ్లకు కౌలు రాసిచ్చాడు. ఆ ప్లేట్లు కడిగే కొలువు కూడా అతనికే ఇచ్చారు. ఇక్కడి కరెంటుతోనే పట్నంలో పొగలేని బస్సులు తిరుగుతాయని సూపర్‌వైజర్ సుశాంత్ గొప్పగా చెబుతుంటాడు. తిరగనీ. ఇశ్రాయేలుకు కావలసింది ఒక్కటే, తన బిడ్డ ఏ ప్లేటు కింద ఉందో తెలియాలి.

తొమ్మిదేళ్ల మరియ జ్వరంతో పోతే ఆ చేనులోనే సమాధి చేసుకున్నారు. సర్వేవాళ్లు వచ్చి, భూమిలో సమాధులుంటే కౌలుకు తీసుకోబోమని చెప్పారు. వానలు మొహం చాటేసిన చేను, ఈ బేరం తప్పితే ఇంకొకటి రాదు. ఇశ్రాయేలు లేవన్నాడు. అంతకు ముందురోజే సిలువ పీకి, గడ్డిమోపులో దాచి ఇంటికి తెచ్చాడు. భార్య మారెమ్మ ఏడిస్తే, వేపచెట్టుకు తూర్పున ఏడడుగులని, కళ్లు మూసుకుని చూపిస్తానని నమ్మబలికాడు. మహా తెలివైన మనిషి! నీడ పడితే ప్లేట్లు పనిచేయవన్న సంగతి మాత్రం ఆ తెలివికి అందలేదు. జేసీబీ మొదటిరోజే చెట్టును వేళ్లతో సహా పెకలించి, మర్నాటికి నేలంతా చదును చేసింది. అప్పుడన్నా నోరు విప్పితే బాగుండేది. అబద్ధం బయటపడితే కౌలు పోతుందని భయపడ్డాడు.

నిరుడు, పోయినవాళ్ల సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగకు మారెమ్మను లోపలికి తీసుకొచ్చి, గుండె రాయి చేసుకుని ఒక ప్లేటు చూపించాడు. ఆమె దాని కింద కూర్చుని, సున్నం వేయడానికి ఏమీ లేక, మట్టినే చేత్తో నిమిరింది. ఆ తర్వాత ఏడాదంతా కడిగే పనిలో ఉంటూనే అడుగులు కొలిచాడు. చెట్టు ఎక్కడుండేదో గుర్తు లేనివాడికి ఏడడుగులు ఎక్కడ తేలుతాయి? రోజుకొక ప్లేటు దగ్గర తేలాడు.

ఈ ఏడు మళ్లీ పండుగ వచ్చింది. మంట పెట్టొద్దని సుశాంత్ కొవ్వొత్తులు గేటు దగ్గరే తీసుకున్నాడు. మారెమ్మ బంతిపూల బుట్ట పట్టుకుని మొగుడి వెనకాలే నడిచింది. అతను ఒకచోట ఆగాడు. ఆమె కూర్చోలేదు.

“పోయినేడు గేటు కాడ్నుంచి లెక్కవెట్టుకున్న. గది అయిదో వరుస. గిది ఏడోది.”

ఇశ్రాయేలు తల వంచుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“నాకు తెల్వదే” అన్నాడు. “అప్పుడు గూడ తెల్వదు.”

మారెమ్మ వెనక్కి వెళ్లి, గేటు పక్కన మొదటి వరుసలో మొదటి ప్లేటు కింద ఒక పువ్వు పెట్టింది. రెండోదాని కింద ఇంకొకటి. వంగి లేస్తూ, వంగి లేస్తూ పోయింది. అతను వెంట నడిచాడు. ఆ వరుస సగం కాకముందే బుట్ట ఖాళీ అయింది.

ఆమె నడుము పట్టుకుని లేచి, ముందున్న వరుసలన్నీ చూసింది.

“సిలువ ఇంట్లనే ఉన్నది గద” అంది. “గది ఏడ పాతుదాం?”

ఎండ ముదరకముందే కడగడం మొదలుపెట్టాలని సుశాంత్ గేటు దగ్గర నుంచి కేకేశాడు. ఇశ్రాయేలు నీళ్ల పైపు అందుకున్నాడు.