కింది బందు

మా ఇంట్లో గేటు వేయడం అందరికీ రాదు. ఊరికే లాగితే పడేది కాదది. ఎడమ చేత్తో మధ్య కమ్మీ పట్టుకుని పైకెత్తాలి. ఎత్తిన చెయ్యి దించకుండా తుంటితో ఒక్క తోపు తోయాలి. అప్పుడు గడియ దాని కన్నంలోకి దిగుతుంది. ఎత్తకుండా తోస్తే సిమెంటు నేల మీద కీచుమంటూ మధ్యలోనే ఆగిపోతుంది. పెళ్లై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అత్తయ్య నాకు నేర్పిన మొదటి పని ఇదే. వంటిల్లు ఆ తర్వాత చూపించింది. "ఎత్తి వెయ్యాలమ్మాయ్. అలవాటైపోతుందిలే" అంది. అలవాటైపోయింది. మా ఆయన పొద్దున బండి బయటికి తీసి, గేటు బార్లా తెరిచి వదిలేసి వెళ్లిపోతారు. సాయంత్రం వచ్చి హారన్ కొడతారు. ఆయన దృష్టిలో గేటంటే దానంతటది తెరుచుకుని దానంతటది మూసుకునే వస్తువు. బాగు చేయిద్దామండీ అని అడిగినప్పుడల్లా "రేపు చేయిద్దాంలే" అంటారు. ఆ రేపుకు ఇప్పుడు మా పెళ్లికున్నంత వయసుంది.

ఈ గేటు కోసమే నేను వెల్డింగ్ నేర్చుకున్నానని మా మరిది అందరికీ చెబుతుంటాడు. అది అబద్ధం. నేను వెళ్లింది కుట్టు క్లాసుకు. "ఖాళీగానే ఉంటావుగా, ఏదో ఒకటి నేర్చుకో" అన్నారు మా ఆయన, చేతిలో తడి బట్టల బకెట్టుతో నేను ఆయన ముందు నుంచి వెళుతుండగా. సరే, అన్నారు కదా అని కమ్యూనిటీ కాలేజీకి వెళ్లాను. కుట్టు మిషన్ల గది వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. అందులోంచి నీలం వెలుగు తటతటా కొడుతోంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే లోపలి నుంచి ఒకమ్మాయి కేకేసింది.

"అక్కా, అటు చూడకండి! కళ్లు పోతాయ్. అంత చూడాలనుంటే ఇది పెట్టుకుని చూడండి."

తన నెత్తిన ఉన్న ముసుగులాంటి టోపీ తీసి నా చేతికిచ్చింది. ఆవిడే అక్కడ నేర్పే టీచరు. నాకన్నా పదిహేనేళ్లు చిన్నదై ఉంటుంది. ముంజేతుల మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు. ముసుగు దించుకుంటే ముందు ఏమీ కనబడలేదు. చీకటి. తర్వాత ఎవరో రాడ్డు అంటించారు. ఆ చీకట్లో ఒక్కచోట మాత్రం వెలుతురు పుట్టింది, ఆ వెలుతురులో ఇనుము పాలమీగడలా కదులుతూ కనిపించింది. రెండు ఇనప ముక్కల అంచులూ కరిగి ఒకదాంట్లోకి ఒకటి పోతున్నాయి. నాకు దారం తెలుసు, మేకు తెలుసు, జిగురు తెలుసు. అవన్నీ రెంటినీ పట్టి ఉంచుతాయి. ఇది అలా కాదు. ఇక్కడ రెండు అనేదే లేకుండా పోతోంది. అదెలా అవుతుంది? ఎంత లోతుకి అవుతుంది? చల్లారాక మళ్లీ విడదీయొచ్చా? పొయ్యి మీద ఏముందో, సాయంత్రానికి ఏం లేదో తప్ప ఇంకో విషయం గురించి నా బుర్ర వరసగా మూడు ప్రశ్నలు వేసి ఎన్నాళ్లయిందో. కుట్టు క్లాసుకని తెచ్చుకున్న ఫీజు ఈ షెడ్డులో కట్టి ఇంటికొచ్చాను.

చెప్పగానే అందరూ నవ్వారు. "వెల్డింగా? కూర మాడకుండా దించు ముందు" అన్నారు మా ఆయన. "వదిన ఇంక నిప్పుతో చెలగాటమే" అన్నాడు మరిది. అత్తయ్య నవ్వలేదు గానీ "చీర కొంగు జాగ్రత్త" అంది. నవ్వులాటగా ఉంది కాబట్టే ఎవరూ వద్దనలేదని తర్వాత అర్థమైంది. ఆడవాళ్ల పని నవ్వులాటగా ఉన్నంతకాలం దానికి అడ్డంకులుండవు.

మొదట్లో రాడ్డు ఇనుముకి అతుక్కుపోయేది. పీకితే రాదు, గుంజితే ఒళ్లంతా ఊగేది. నా క్లాసులో మిగతావాళ్లంతా నా సగం వయసువాళ్లు. వాళ్లు పక్కకి తిరిగి నవ్వుకుంటుంటే టీచరు నా వెనక నిలబడి "చూడొద్దక్కా, వినండి. నూనెలో ఏదైనా సరిగ్గా వేగుతున్నప్పుడు చప్పుడెలా ఉంటుంది? అదే రావాలి" అంది. ఇరవై ఏళ్లుగా పక్క గదిలో పనిచేసుకుంటూ పొయ్యి మీద ఏమవుతోందో చెవితో చెప్పగలిగినదాన్ని. ఆ మాటతో నాకు దారి దొరికింది. చప్పుడు చిటపటలాడితే చెయ్యి దూరమైనట్టు, మూగబోతే మరీ దగ్గరైనట్టు. నాలుగు వారాలు తిరిగేసరికి నవ్వినవాళ్లే నా దగ్గరికి వచ్చి "ఆంటీ, మీ మిషన్లో కరెంటు ఎంతలో పెట్టారు?" అని అడగసాగారు.

ముసుగు లోపల నాకు బాగుండేది, చెప్పకపోతే అబద్ధమవుతుంది. అక్కడ నన్ను ఎవరూ పిలవరు. పిలిచినా వినబడదు. ఇక బయటికి వస్తే ఎక్కడ చూసినా అతుకులే. బస్సు సీటు కాళ్లు, ఆసుపత్రి మంచాలు, బ్యాంకులో జనం వరసలో నిలబడే కమ్మీలు, అన్నిటి కిందికీ వంగి చూసేదాన్ని. "ఏం పోగొట్టుకున్నావ్?" అని మా ఆయన విసుక్కునేవారు. ఏం పోగొట్టుకున్నానో ఏమో, దొరుకుతున్నది మాత్రం బోలెడుంది.

అంతా సాఫీగా సాగుతోందనుకుంటున్నప్పుడు ఒక పొరపాటు చేశాను. ఒక ఇనప పలక మీద ఇంకో పలక నిలువుగా నిలబెట్టి మూలలో అతకమంది టీచరు. అతికాను. గతుకులు గతుకులుగా వచ్చింది. నాకు నచ్చలేదు. పక్కనే ఇనుము అరగదీసే గ్రైండరు ఉంది. అందరూ టీకి వెళ్లినప్పుడు దాంతో ఆ అతుకుని అరగదీసి, అరగదీసి, వేలితో నిమిరితే ఎక్కడా తగలనంత నున్నగా చేశాను. తళతళా మెరుస్తున్న ముక్కని తీసుకెళ్లి ఆవిడ బల్ల మీద పెట్టి, మెచ్చుకోలు కోసం చిన్నపిల్లలా నిలబడ్డాను.

టీచరు దాన్ని ఒకసారి చూసి, బల్లకున్న బెంచి వైసులో బిగించి, సుత్తి నా చేతికే ఇచ్చింది. "కొట్టండి."

ఒక్క దెబ్బకే పలక పడిపోయింది.

"ఇవి అంట్లు కాదక్కా, తోమి మెరిపించడానికి" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే. "బలమంతా ఆ గతుకుల్లోనే ఉంది. మీరు దాన్నే చెక్కేశారు. ఇదిగో, లోపల చూడండి."

విరిగిన చోట చూశాను. పైపైన సన్నటి పొర అంటుకుని ఉంది. కింద, లోపల, ఆ పలకని రంపంతో కోసినప్పటి గీతలు చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి. అక్కడ ఏమీ కరగలేదు. రంధ్రం పడుతుందన్న భయంతో నేను కరెంటు తగ్గించి, చెయ్యి తొందరగా జరిపేశాను. అతకని చోటే మెరుగు పెట్టాను. సిగ్గేసింది. సిగ్గుకన్నా ఆశ్చర్యం ఎక్కువేసింది. నేను చేసిన పని లోపలి నుంచి ఎలా ఉంటుందో నాకు ఎవరైనా విరగ్గొట్టి చూపించడం అదే మొదటిసారి. ఇంట్లో నా పనిని ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు. బాగుంటే మాటుండదు, బాగోకపోతే మాట పడుతుంది, అంతే. వచ్చినవాళ్ల ముందు మా ఆయన నన్ను ఒక మాటంటే దాన్ని జోకుగా మార్చి నవ్వేది నేనే. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోకపోతే మధ్యలో తిరిగి సర్దేది నేనే. ఇంత కాలంగా ఆ ఇంట్లో గ్రైండరు పట్టుకుని తిరుగుతున్నది నేనేనని ఆ షెడ్డులో నిలబడి అనుకున్నాను. చాలా కోపం వచ్చింది. ఆ కోపంతోనే కరెంటు పెంచి, అదే ముక్క మళ్లీ అతికాను. వికారంగా వచ్చింది. సుత్తితో ఎన్ని దెబ్బలు కొట్టినా పలక వంగిందే గానీ ఊడలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి మొట్టమొదటిసారి గేటు ముందు చతికిలబడి కూర్చున్నాను. పొరలు పొరలుగా ఉన్న రంగుని గోకి చూస్తే తెలిసింది, దాని రోగం కింది బందులో ఉంది. గేటుని స్తంభానికి పట్టి ఉంచే ఆ బందు అతుకు సగం దాకా చీలిపోయింది. చీలికలో చూద్దును కదా, నా ముక్కలో ఉన్నలాంటి రంపం గీతలే! ఏనాడూ అతకలేదది. పైన రంగు మాత్రం ఏడాదేడాదికీ వేస్తూ వచ్చారు. లోపలికెళ్లి సంబరంగా చెప్పాను. మా ఆయన పేపరు దించి "అయితే నువ్వే చేసెయ్. బయటివాడిని పిలిచే పని తప్పింది" అన్నారు. చెయ్యి ఇంకాస్త కుదిరాక చేద్దామని నాకూ ఉండేది. కానీ ఆ మాటతో నవ్వులాట అయిపోయింది, చాకిరీ మొదలైంది. అత్తయ్య చెల్లెలి మంచం కోడు వచ్చింది. ఆయన ఆఫీసు స్నేహితుడి సైకిలు స్టాండు వచ్చింది. "నీ చేతికి రాని పని లేదమ్మా" అనేవారు అందరూ. ఆ మాట వినబడిందంటే నాకు ఇంకో పని తగిలినట్టే లెక్క.

కోర్సు చివర పరీక్ష ఉంటుంది. బయటి నుంచి వచ్చినాయన మన అతుకుల్ని వంచి, విరిచి చూస్తాడు. నెగ్గినవాళ్లని ఊరి చివర గేట్లూ షెడ్లూ కట్టే వర్క్‌షాపులో పనిలోకి తీసుకుంటారు. అక్కడివాళ్లతో టీచరు నా గురించి ముందే మాట్లాడి పెట్టింది. "పరీక్ష ఒక్కటి అవ్వనీయండక్కా, సోమవారం నుంచి మీరు నాకు స్టూడెంటు కాదు" అంది. పరీక్ష శనివారం.

శుక్రవారం సాయంత్రం మరిది ఒక ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. ఇనప పైపులు, అద్దెకు తెచ్చిన వెల్డింగ్ మిషను వాకిట్లో దింపించాడు. వాడి ఇంటి పై వాటాలోకి ఆదివారం అద్దెవాళ్లు దిగుతున్నారట. బాల్కనీకి ఇంకా రెయిలింగ్ లేదు.

"రేపు పొద్దున్నే మొదలెడితే సాయంత్రానికి అయిపోతుంది వదినా. ఇంట్లో మనిషివి నువ్వుండగా బయటివాడెందుకు?"

"రేపు నాకు పరీక్ష ఉందిగా."

"మళ్లీ రాయొచ్చులే, ఎక్కడికి పోతుంది" అన్నారు మా ఆయన. "అయినా పని వచ్చేసిందిగా, ఇంకా ఆ కాగితం ఎందుకు నీకు?"

నాకు అలవాటైన సమాధానం నోటిదాకా వచ్చింది. సరే, పొద్దున్నే తొందరగా లేచి రెండూ చూసుకుంటాను అనడం. ఎన్నోసార్లు అన్నదే. ఆ రెయిలింగ్ కూడా నాకు కళ్లముందు కనిపించింది. ఒక్క పూటలో హడావుడిగా అతికేసి, గ్రైండరుతో నున్నగా చేసి, వెండి రంగు కొడతాను. చూసినవాళ్లంతా భలే ఉందంటారు.

"అద్దెవాళ్లకి పిల్లలున్నారా?" అని అడిగాను.

"ఇద్దరు. ఏం?"

"అయితే నేను చెయ్యను. తొందరలో చేసింది చూడ్డానికి బాగానే ఉంటుంది. వాళ్లు ఆనుకున్నాక తెలుస్తుంది. రేపు నాకు పరీక్ష. వేరే మనిషిని పిలుచుకో."

"అదేంటి వదినా, పరాయిదానిలా మాట్లాడతావ్!" అన్నాడు. మా ఆయన నా వంక కాక అత్తయ్య వంక చూశారు, ఆవిడ ఏమైనా అంటుందని. అత్తయ్య కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది. నేను ఆ వాతావరణాన్ని తేలిక చేయడానికి ఏ జోకూ వేయలేదు. అది నాకు రెయిలింగ్ కాదనడం కన్నా కష్టమైంది. వాళ్ల ముగ్గురినీ అలాగే వదిలేసి లోపలికి వెళ్లాను.

పొద్దున పైపుల మీంచి దాటుకుంటూ, ముసుగు సంచిలో పెట్టుకుని బయల్దేరాను. గేటు తెరిచి బయటికి వచ్చాను. చెయ్యి అలవాటుగా మధ్య కమ్మీ మీదికి పోయింది. తీసేశాను. గేటు అలాగే బార్లా వదిలి నడిచాను.

"గేటు వెయ్యవేంటి?" అన్నారు మా ఆయన వెనక నుంచి.

"మీరు వెయ్యండి."

కొంచెం దూరం వెళ్లేసరికి కీచుమని చప్పుడైంది. ఆగింది. మళ్లీ కీచుమంది. ఈసారి గట్టిగా. నాకు ఆలస్యమవుతోంది, అయినా ఆ వింత చూడకుండా ఉండలేకపోయాను. వెనక్కి తిరిగాను. ఆయన రెండు చేతులతో గేటుని నెడుతున్నారు. ముఖం ఎర్రబడింది. "ఇదేంటిది, పడదేంటి?" అంటున్నారు దాన్ని, కొత్తగా చూస్తున్నట్టు. ఆయన ఈ ఇంట్లోనే పుట్టారు.

అరుగు మీంచి అత్తయ్య లేవకుండానే చెప్పింది. "ఎడమ చేత్తో పైకెత్తరా. ఆ చెయ్యి దించకు. ఇప్పుడు తుంటితో తొయ్యి."

ఆయన ఎత్తారు. తోశారు. గడియ దిగింది. ఆయాసపడుతూ "ఇంత బరువుందేంటమ్మా ఇది? ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని అడిగారు.

అత్తయ్య వీధిలో నిలబడ్డ నా వంక చూస్తూ కొడుక్కి జవాబిచ్చింది.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు విరిగింది. మీ నాన్న రేపు చేయిద్దాం అన్నారు."