తడవని కాళ్ళు

మైనం ముద్ద మీదుగా దారాన్ని మరోసారి లాగి, వేళ్ళ మధ్య నలిపి చూసుకుని, అప్పుడు గానీ జక్కయ్య దాన్ని దబ్బనంలోకి ఎక్కించలేదు. ఆటోనగర్లో లారీ పట్టాలు కుట్టే షెడ్డులో అతని చోటు గుమ్మానికి ఎడం పక్కన, వెలుతురు బాగా పడే మూల. పరిచిన టార్పాలిన్ మీద గొంతుక్కూర్చుని మోకాలినే బల్లగా చేసుకుంటాడు. కుడి అరచేతికి తోలు తొడుగు. ఏళ్ళ తరబడి దబ్బనం నెట్టీ నెట్టీ ఆ చేతి చూపుడువేలు లోపలికి వంగిపోయింది. జక్కయ్య బాబాయిని దారి అడక్కండి, ఆ వేలు చూపించిన వైపు వెళితే తిరిగి తిరిగి మళ్ళీ ఆటోనగర్కే వస్తారని షెడ్డు యజమాని హబీబ్ వచ్చిన డ్రైవర్లందరితోనూ వేళాకోళమాడుతుంటాడు. జక్కయ్య నవ్వడు, కోప్పడడు. దారం పళ్ళతో తెంపి పక్కన ఉమ్మేస్తాడు, అంతే.

ఇవాళ మాత్రం అతని ఒళ్ళో ఉన్నది లారీ పట్టా కాదు, ఒక జత కాలి తొడుగులు. చెప్పులంటే ఊరుకోడు. పాత పట్టాలో గట్టిగా ఉన్న చోటు చూసి కోసి, అడుగున రెండు పొరలు వేసి, మోకాలి కింద తాడుతో బిగించి కట్టుకునేలా కుడుతున్నాడు. రేపు తెల్లవారి పూజ కాగానే పటమట చర్చి విచారణ నుంచి వేళాంగణి మాత గుడికి పాదయాత్ర బయలుదేరుతుంది. నెల్లూరు మీదుగా, మద్రాసు దాటి, నెల రోజుల నడక. పైన ఆగస్టు వాన. మాత స్వరూపాన్ని పెట్టి తోసుకెళ్ళే బండికి కప్పు కుట్టేశాడు. తల మీదుగా మోకాళ్ళ కిందికి దిగే కోటు ఒకటి తనకి కుట్టుకున్నాడు. బియ్యం సంచులకీ కొవ్వొత్తుల పెట్టెకీ కూడా తొడుగులైపోయాయి. ఇక కాళ్ళే మిగిలాయి. చిక్కంతా ఆ కాళ్ళతోనే.

జక్కయ్యకి షుగర్. అరికాళ్ళు మొద్దుబారి చాలా కాలమైంది. వేసవిలో ఎడం కాలి బొటనవేలి కింద చిన్న పొక్కు లేచి, అది పుండై, మనిషిని మంచంలో పడేసి, వానలు మొదలయ్యాక గానీ మానలేదు. తడి తగలనివ్వద్దు, దెబ్బ తగలనివ్వద్దని డాక్టరు చెప్పాడు. ఆ మాట జక్కయ్య ఒక్కడే విని ఉంటే ఏ గొడవా లేకపోను. భార్య అమలమ్మ కూడా వింది. ఆవిడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. షుగర్ కాళ్ళు ఎలా మొదలై ఎక్కడ తేలతాయో వార్డులో రోజూ చూస్తుంది. ఆ కట్లు పడేసిన బకెట్టు మోసేది ఆవిడే. నువ్వు నడవడానికి వీల్లేదని తెగేసి చెప్పింది.

జక్కయ్యా వినే రకం కాదు. మొక్కు అలాంటిది. కిందటేడు బుడమేరు పొంగి సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు అమలమ్మ అక్కడే, జ్వరంతో ఉన్న అక్కని చూడబోయి ఇరుక్కుపోయింది. ఫోను లేదు, కబురు లేదు. ఫ్లైఓవర్ దగ్గర జనంలో నిలబడి, ఒడ్డుకొచ్చే ప్రతి పడవలోనూ ఆమె కోసం వెతికాడు. బతుకంతా వానకి అడ్డం కప్పే పనే చేసినవాడు, తన మనిషి మీద ఒక్క గుడ్డ కప్పలేక అలా నిలబడిపోయాడు. అప్పుడు మొక్కుకున్నాడు. తల్లీ, దీన్ని నా కళ్ళకి చూపించు, కాళ్ళకి చెప్పుల్లేకుండా నీ గుడికి నడిచొస్తానని. మర్నాడు అమలమ్మ పడవ దిగింది. దిగుతూనే, అన్నం తిన్నావా అని అడిగింది. జక్కయ్య అంతమందిలోనూ భోరుమన్నాడు.

చెప్పుల్లేకుండా అన్న మాట దగ్గర ఇప్పుడు పీటముడి పడింది. పట్టా తొడుక్కుంటే చెప్పులేసుకున్నట్టేనా అని విచారణ గురువు గారిని అడిగాడు. మాత చెప్పుల కొట్టు పెట్టుకుని కూర్చోలేదు జక్కయ్యా, ముందు ఇంట్లో అమ్మని ఒప్పించు, గుళ్ళో అమ్మ సంగతి నేను చూసుకుంటానని ఆయన నవ్వేశాడు. నడకకి పెద్ద ఫిలిప్, ఆర్టీసీలో మెకానిక్కుగా చేసి దిగిపోయినవాడు, ఆయనదీ అదే మాట. అమలమ్మ ఊ అంటేనే తీసుకెళతానన్నాడు.

ఆఖరికి నిన్న అన్నాల దగ్గర పందెం కుదిరింది. ఇవాళ గట్టి వాన ఉందన్నారు. ఆ వానలో జక్కయ్య తొడుగులు కట్టుకుని షెడ్డు నుంచి నడిచి రావాలి. తిన్నగా ఇంటికి కాదు. ఇంటి సందు దాటిపోయి, బెంజి సర్కిల్ దాకా వెళ్ళి, అప్పుడు వెనక్కి తిరగాలి. విప్పి చూసినప్పుడు కాళ్ళు పొడిగా, చిన్న గీత కూడా లేకుండా ఉంటే అమలమ్మ ఇక నోరెత్తదు. లేకపోతే జక్కయ్య నోరెత్తడు.

కంకిపాడు దగ్గర పల్లెలో పుట్టాడు జక్కయ్య. వాన వస్తే ఊళ్ళో పిల్లలు తడవడానికి పరిగెత్తేవాళ్ళు, అతను బరకం లాగడానికి పరిగెత్తేవాడు. తండ్రి ఒక ఆసామి దగ్గర పాలేరు. కళ్ళంలో ధాన్యం తడిస్తే చివాట్లన్నీ ఆయనకే. రాశి మీద బరకం కప్పి, మూలలకి రాళ్ళు పెట్టి, దాని కిందే తండ్రీ కొడుకూ ముడుచుక్కూర్చున్న వానలు ఎన్నో. మీసాలు రాకముందే హబీబ్ తండ్రి దగ్గర పనికి కుదిరాడు. ఆ మీసాలు ఇప్పుడు తెల్లబడ్డాయి, కూర్చునే చోటు మాత్రం మారలేదు. అతను కుట్టిన పట్టాలు మిర్చి బస్తాల మీదా సిమెంటు మీదా ఎక్కి అస్సాం దాకా వెళ్ళొచ్చాయి. అతను ఏలూరు దాటలేదు. మొక్కు మొక్కే గానీ లోపల ఇంకో సరదా కూడా ఉంది, అది మాతకి చెప్పుకున్నాడేమో గానీ పెళ్ళానికి చెప్పలేదు. సముద్రం ఒడ్డున ఉండే ఆ తెల్ల గుడిని ఒక్కసారి కళ్ళారా చూడాలి.

మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మింది. మిగతావాళ్ళు ఆరేసిన పట్టాలు హడావుడిగా లోపలికి లాగుతుంటే, జక్కయ్య మొహం చుట్టం దిగినట్టు వెలిగిపోయింది. చివరి కుట్టు వేసి, కుట్ల మీద మైనం రుద్ది, తొడుగుల్లో నీళ్ళు పోసి ఎత్తి పట్టుకుని చూశాడు. చుక్క కారలేదు. వాటిని తిరగేసి తుడిచి, ఆరాక కాళ్ళకి ఎక్కించి, తాళ్ళు బిగించాడు. బండి మీద దింపుతానని హబీబ్ అడిగాడు. జక్కయ్య అడ్డంగా తల ఊపాడు.

"సరేలే బాబాయ్," అన్నాడు హబీబ్. "నువ్వొచ్చేదాకా ఈ మూల ఎవరికీ ఇవ్వనులే."

బందరు రోడ్డు అప్పటికే కాలవైపోయింది. పిక్కల్లోతు నీళ్ళు. ఆటోలు రెండు పక్కలా నీళ్ళు ఎగజిమ్ముకుంటూ పోతున్నాయి. జనం టీ బడ్డీల చూరు కిందా, మూసిన షట్టర్ల ముందూ ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని నిలబడ్డారు. జక్కయ్య రోడ్డు పక్కన మెరక ఉన్నా ఎక్కలేదు, పందెంలో తొండి చెయ్యకూడదని పల్లం చూసి మరీ నడిచాడు. ఏంటి పెద్దాయనా ఈ వేషమని ఎవరో చూరు కింద నుంచి కేకేస్తే, వేళాంగణి వెళుతున్నానని గర్వంగా చెప్పాడు. చెప్పాక అది నిజంగా మొదలైపోయినట్టే అనిపించింది. ఇంటి సందు వచ్చింది. తల తిప్పకుండా దాటిపోయాడు.

బెంజి సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ కింద ఆగి, తొడుగు అంచులోంచి వంకర వేలు దూర్చి తడిమి చూసుకున్నాడు. పొడి. రెండో కాలూ పొడే. కాలి వేళ్ళు కదిలించాడు, కదిలాయనే అనుకున్నాడు. నొప్పి లేదు, అలసట లేదు. ఈ లెక్కన నెల్లూరేం ఖర్మ, మద్రాసు దాకా ఆగకుండా పోవచ్చు అనుకుంటూ వెనక్కి తిరిగాడు. అలా వెనక్కి నడిచినంత హాయిగా అతను తన జన్మలో ఎప్పుడూ నడవలేదు.

అమలమ్మ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. కుర్చీ వేసింది. అతను కూర్చున్నాక తను కింద కూర్చుని తాళ్ళు విప్పింది. కుడి కాలు పొడిగా ఉంది. వేళ్ళ సందులు కూడా వదలకుండా చూసి, బాగుందన్నట్టు తలాడించింది. జక్కయ్య మీసం దువ్వుకున్నాడు.

ఎడం తొడుగు లాగితే రాలేదు. అంటుకుంది. చెమటలే, గట్టిగా లాగు అన్నాడు. ఆవిడ మెల్లగా వేళ్ళు పెట్టి విడదీసి, కాలు పైకెత్తి వెలుతురు వైపు తిప్పింది. పిక్క పొడి, చీలమండ పొడి. అరికాలంతా నెత్తురు. బొటనవేలి కింద, వేసవిలో పుండు మానిన చోటు పక్కనే, విరిగిన దబ్బనం మొన దిగబడి ఉంది.

పొద్దున అడుగు కుడుతుంటే దబ్బనం పుటుక్కుమనడం, ముక్క కోసం కాసేపు వెతికి, ఎక్కడో పడుంటుందిలే అని వదిలెయ్యడం జక్కయ్యకి అప్పుడు గుర్తొచ్చాయి. రెండు పొరల మధ్య ఉండిపోయి, నడిచేకొద్దీ పైకి పొడుచుకొచ్చింది.

"నెప్పి తెలవలేదా?" అంది అమలమ్మ.

"నీళ్ళు రాలేదు చూడు," అన్నాడు జక్కయ్య.

ఆవిడ దూది, పట్టకారు తెచ్చి ముక్క లాగింది. లాగుతూ అతని మొహంలోకే చూసింది. అబ్బా అంటాడేమోనని, కనీసం కళ్ళు చికిలిస్తాడేమోనని. అతను గోడ మీది బల్లిని చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు ఏడ్చింది అమలమ్మ. మూడు పూటలు తిండి లేకుండా బోటులో వచ్చినప్పుడు ఏడవని మనిషి, ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. జక్కయ్య భయపడ్డాడు. నెత్తురు చూసి కాదు, ఆవిడని చూసి.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి, కడిగించి, ఇంజెక్షను వేయించి వెనక్కి తీసుకొచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. పందెం మాట ప్రకారం జక్కయ్య నోరెత్తలేదు. కోటు మడిచి సంచిలో పెట్టేశాడు. అమలమ్మ సంచిలోంచి మళ్ళీ తీసి దులిపింది.

"రేపు నేను నడుస్తా."

"మొక్కు నాది."

"మొక్కింది నువ్వు. బతికింది నేను. నడవాల్సింది ఎవరో మాతకి తెలవదా?"

అతను ఉపవాసాల సంగతి ఎత్తాడు. యాత్రకి నియమం పట్టి నువ్వు చప్పిడి తింటుంటే నేనేమన్నా చేపలు వండుకు తిన్నానా, నీతోపాటు నేనూ అదే తిన్నానుగా అని నిలదీసింది. నెల రోజులు సెలవెవరిస్తారన్నాడు.

"ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటా. కాలు పోతే ఇంకోటి ఎక్కడ తెస్తావయ్యా?"

రోజూ రాత్రి పడుకోబోయే ముందు అతని అరికాళ్ళు దీపం దగ్గర పెట్టి చూసేది ఆవిడే. అతనికి వంగినా కనబడవు. మరి నా కాళ్ళెవరు చూస్తారని అడిగాడు జక్కయ్య. దానికి అమలమ్మ కోటు అతని ఒళ్ళో పడేసి, కొలతకి నిలబడింది.

ఎన్ని లారీలు కొలిచాడో లెక్క లేదు గానీ, పెళ్ళాన్ని ఎన్నడూ కొలవలేదు. భుజం నుంచి భుజానికి జానలు వేశాడు. ఆవిడ అతను అనుకున్నంత భారీ మనిషి కాదు. ఎప్పుడూ ఏదో ఒకటి మోస్తూ, ఎవరినో ఒకరిని కేకలేస్తూ కనబడుతుంది గనక అలా అనిపించేదేమో.

"లారీని కొలిచినట్టు కొలవమాక," అంది చేతులు చాపి నిలబడే.

కింద అంచు కోసి మళ్ళీ మడిచి కుట్టాడు. మెడ దగ్గర బిగించాడు. తల ముసుగు కొప్పు పట్టేలా వదులు చేశాడు. ఆ సాయంత్రం వేసిన ప్రతి కుట్టునీ వేలితో తడిమి, దబ్బనం మొన ఉందో లేదో వెలుతుర్లో పెట్టి చూసుకున్నాడు. ఫిలిప్‌కి ఫోను చేసి, మా ఇంటి నుంచి అమలమ్మ వస్తుందండీ అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. కాలి తొడుగులు కూడా విప్పి కొత్తగా కుట్టి ఇస్తానన్నాడు.

"వద్దు," అంది అమలమ్మ. "నా కాళ్ళకి నెప్పి తెలుస్తుందిలే."

తెల్లవారి పూజ అయ్యేసరికి వాన జోరందుకుంది. గుడి ముందు కాషాయం చీరలూ పంచెలూ తడిసి ముద్దవుతున్నాయి. మాత బండి మీద కప్పు బిగుతుగా కూర్చుంది, దాని మీద పడ్డ చినుకు నిలవకుండా జారిపోతోంది. నువ్వు లేకపోతే ఈ వానకి మాత కూడా తడిసేదని ఫిలిప్ అన్నాడు గానీ జక్కయ్య చెవి అటు లేదు. అతను అమలమ్మ కోటు తాళ్ళు బిగిస్తున్నాడు. అక్కడ గుడి దగ్గర సముద్రం ఎలా ఉందో చూసొచ్చి చెప్పమన్నాడు, గొంతు తగ్గించి, మొదటిసారి ఆ సరదా బయటపెట్టి.  చెపుతాలే, రోజూ ఫోనులో అడుగుతావుగా అంది.

పాట అందుకున్నారు. బండి కదిలింది. అందరికంటే వెనగ్గా, అతని కొలతకి కుట్టి ఆవిడ కొలతకి కోసిన కోటులో అమలమ్మ నీళ్ళలో అడుగు పెట్టింది. ఏదో గులకరాయి గుచ్చుకున్నట్టుంది, కాలు చటుక్కున ఎత్తి, సర్దుకుని మళ్ళీ వేసింది. మలుపు దగ్గర తిరిగి, వానలో నిలబడక చూరు కిందికి పొమ్మన్నట్టు చెయ్యి విసిరింది. జక్కయ్య చూరు కిందికి వెళ్ళాడు. పాట వినబడినంతసేపూ అక్కడే ఉన్నాడు.

ఇంటికొచ్చి, గుమ్మంలో కాళ్ళు తుడుచుకుని మంచం మీద కూర్చున్నాడు. ఇల్లు ఊడ్చి ఉంది, అన్నం గిన్నె మీద మూత ఉంది. ఎదురుగా గోడకి మేకు ఒక్కటే మిగిలింది. తల దువ్వుకోవడానికి ఇన్నేళ్ళూ అమలమ్మ ఆ మేకుకి తగిలించుకున్న చేతెడు అద్దం ఇప్పుడు కింద, మంచం కోడు దగ్గర, పట్టా తాడుతో కదలకుండా కట్టి, కాస్త పైకి వాల్చి ఉంది. మనిషి ఎంత వంగినా అందులో మొహం కనబడదు, అరికాళ్ళు మాత్రమే కనబడతాయి.