కడుపుతో ఉన్న చేయి

ఈ బల్ల మీద కూర్చుంటే నడుము పట్టేస్తుందని నిస్సీ తన చున్నీ మడిచి వేసి పోయింది, జ్వరం దానికి, మెత్త నాకు, నా మనవడు క్రాంతి పెళ్లాం ఎప్పుడూ ఇంతే, కడప ఆసుపత్రిలో డాక్టరమ్మ గదిలోకి పోయి చాలాసేపయింది, రక్తం పరీక్ష ఏం చెప్పిందో, మూడో నెల కడుపు పోయి ఇరవై రోజులు, అయినా పొద్దు వాలితే ఒళ్లు కాగుతుంది, కీళ్లు పట్టేసి చెంబు కూడా ఎత్తలేకుండా ఉంది, ఇంట్లో పశువులున్నాయా అని డాక్టరమ్మ మొన్న అడిగినప్పుడు ఒక ఆవుందని మాత్రం చెప్పి నేను గోడకేసి చూశాను, గోడ మీద ఏముంది చూడటానికి, ఆ పిల్ల చేయి ఆవు లోపలికి పెట్టించింది నేనే కదా.

మా ఎర్రావు ఈసారి ఏడో నెలలోనే ఈసుకపోయింది, చచ్చిన దూడ పడింది కానీ మాయ పడక తోక కింద వేలాడుతూ ఉండిపోయింది, పోయినేడూ ఇంతే, అప్పుడు పశువుల డాక్టరు శ్రీకాంత్ వచ్చి తీశాడు, చేతి తొడుగులు విప్పుతూ, ఏమవ్వా, నీకంటే నీ ఆవుకే పొగరెక్కువుండాదే, తన్నబోయింది నన్ను, అని నవ్వించి, నవ్వు ఆపి, ఇది అంటుకునే రోగమేమో అని అనుమానంగా ఉండాది, రక్తం పరీక్ష చేయించాల, మాయను సున్నమేసి లోతుగా పూడ్చండి, ఒట్టి చేతుల్తో తాకొద్దు, కడుపుతో ఉండేవాళ్లను కొట్టం దిక్కే రానీయొద్దు, మనుషులకూ వస్తాది, అన్నాడు, అట్లనేలేప్పా అన్నాను, పరీక్షా చేయించలేదు, ఇంట్లో ఎవరికీ చెప్పనూ లేదు, చెబితే పాలకేంద్రం వాళ్లు మా పాలు వద్దంటారు, నీ ఆవుకు రోగమంట కదా జీవమ్మా అని వీధిలో అడుగుతారు, ఏ ఇంట్లో ఆవు ఈనలేకపోయినా నన్నే పిలిచే ఊరది, నా ఆవుకు రోగమని నా నోటితో ఎట్లా చెప్పేది.

మళ్లీ మాయ ఆగిపోతే మా అత్త మాట గుర్తొచ్చింది, కడుపుతో ఉన్నదాని చేత తీయిస్తే ఆవుకు మళ్లీ చూలు నిలుస్తుందనేది, నా కొడుకు లేవి కడుపులో ఉన్నప్పుడు నా చేత రెండు ఆవులకు తీయించింది, నాకేమీ కాలేదు, నిస్సీ ఇంకా ఎవరికీ చెప్పుకోలేదు గానీ పచ్చి చింతచిగురు నములుతున్నప్పుడే నేను పట్టేశాను, అందుకే పిలిచాను, అవ్వా, డాక్టరుకు ఫోన్ చేద్దామా, లేకుంటే చేతికి ఏమన్నా తొడుక్కుంటా ఆగు, అంది, ఏం తొడుక్కుంటావే, గాజులా, మా కాలంలో ఏం తొడుక్కున్నాం, ఆముదం పూసుకొని రా, నీ చేయి మంచిదిలే, అన్నాను, అదీ నవ్వింది, నవ్వుతూనే మోచేతి దాకా పెట్టింది, రెండు వారాలు తిరక్కుండానే జ్వరం, ఆ తర్వాత కడుపు పోయింది, చూడవచ్చిన వాళ్లందరికీ, కడపకు ఆటోలో పోవద్దంటే వినిందా, ఆ కుదుపులకే పోయింది, అని నేనే చెప్పాను, నిస్సీ లోపలి గదిలో పడుకొని అంతా వింటూనే ఉంది.

డాక్టరమ్మ గది తలుపు తీసుకొని నిస్సీ వచ్చింది, నా పక్కనే మెల్లగా కూర్చుంది, ఆవు జబ్బేనంటాండాదవ్వా డాక్టరమ్మ, ఆరు వారాలు మందులు మింగాలంట, ఎర్రావుకూ పరీక్ష చేయించాలంట, ఒట్టి చేయి పెట్టమని ఎవరు చెప్పినారమ్మా నీకు అని శానా తిట్టింది, నేనే తెలీక పెట్టినా అని చెప్పినా, నీ పేరు తేలేదులే, అంది, నా చేయి పట్టుకుంది, దాని చేయి కాలుతోంది, తెలీక అనే మాట దానిదే, క్రాంతిది, మా లేవిది, వాళ్లకు నిజంగానే తెలీదు, కడుపు సంగతి నిస్సీకి తెలుసు, రోగం సంగతి శ్రీకాంత్‌కు తెలుసు, ఆ పొద్దు కొట్టంలో నిలబడి రెండూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.