వంతుల ప్రార్థన

పై వాటాలో ఉండే ఆవిడ మెట్ల మీద ఎవరితోనో అన్నదట. ఆ ఎవరో ఇస్త్రీ చేసే ఆవిడతో అన్నదట. ఈవిడ కడుపులో మాట ఆగక, మధ్యాహ్నం టీ తాగుతూ దర్జీ అక్క చెవిన వేసింది. యాభై దాటినవాడు పీకలదాకా తిని, మీసాలు మొలవని వాళ్ళతో బంతి వెంట పరిగెడితే గుండె ఆగక ఏం చేస్తుందని, చర్చి వాళ్ళకి బుద్ధి లేకపోతే కట్టుకున్నదానికైనా ఉండొద్దా అని. మేడ దిగేసరికి ఆ మాటకి కాళ్ళూ చేతులూ వచ్చాయి. గోలు ఆపబోయి పోయాడని ఒకరు, గెలిచిన సంబరం పట్టలేక పోయాడని ఇంకొకరు.

డ్రైక్లీనింగ్ దుకాణం వెనక గదిలో పాంట్ల అంచులు మడిచి కుట్టడం, పాడైన జిప్పులు మార్చడం దర్జీ అక్క పని. నోట్లో మూడు గుండుసూదులు ఉండటం ఆ పూటకి మంచిదే అయింది. తన మొగుడు పరిగెత్తిన పాపాన పోలేదు, గోలు ముందు నిలబడేవాడు, అంతే. అయినా నింద ఆట మీద పడితే పడనీ అనుకుంది. ఆటకి నోరు లేదు కదా.

పోయినాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. గోలు ముందు నిలబడితే వెనక సగం గోలు కనిపించేది కాదు. అందుకని ఆయన్ని 'గోడ' అనేవాళ్ళు. తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు కూడా ఆ ఒక్క మాటా నేర్చుకున్నారు.

వాళ్ళ చర్చి ఒకప్పుడు గోదాము. ఐదు భాషల వాళ్ళు వస్తారు. ముందు ఆరాధన, తర్వాత ఎవరి గిన్నె వాళ్ళు విప్పి ఒకే పొడుగాటి బల్ల దగ్గర భోజనం, ఆ తర్వాత వెనక ఖాళీ జాగాలో ఫుట్‌బాల్. ఓడినవాళ్ళు గిన్నెలు తోమాలి. గోడ ఉన్న జట్టు గోల్స్ ఆపినంత బాగా కొట్టేది కాదు, అంచేత తరచు ఓడేది. ఇంట్లో తిన్న కంచం తీయని మనిషి అక్కడ మోచేతులదాకా సబ్బు నురగతో బాణలి మెరిపిస్తుంటే, "దేవుడు లేడని ఎవరైనా అంటే ఇటు తీసుకురండి" అనేది దర్జీ అక్క. ఐదు భాషల ఆడవాళ్ళూ నవ్వేవాళ్ళు. అర్థం కానివాళ్ళు కాస్త ఎక్కువ నవ్వేవాళ్ళు.

ఆ చర్చిలో ఇంకో కట్టుబాటుంది. మొదట్లో ఎప్పుడో, ఒక భాష వాళ్ళు తమకి ప్రార్థన చేసే వంతు రాలేదని అలిగి మూడు వారాలు మొహం చూపించలేదట. అప్పటినుంచి ఏ ప్రార్థనైనా సరే, ఐదు భాషల్లోనూ వరసగా జరగాల్సిందే. ఒకరు 'ఆమెన్' అనేదాకా రెండోవారు నోరు తెరవకూడదు. ఆఖర్న వచ్చి చేరినవాళ్ళు గనక తెలుగువాళ్ళది ఐదో వంతు. కూరలు చల్లారిపోయినా ఎవరి మనసూ నొచ్చుకోకూడదనేవారు పాస్టరు గారు. ఆ మాట నిజమే. కూరలు చాలాసార్లు చల్లారాయి, మనసులు నొచ్చుకోలేదు.

నాలుగు నెలల కిందట, ఆట మొదలై పది నిమిషాలైనా కాకముందే ఆయన గోలు కర్రని ఆనుకుని మెల్లగా కూర్చుండిపోయాడు. బంతి ఇంకా అవతలి కొసనే ఉంది. గరిటె చేత్తోనే ఆమె పరిగెత్తింది. ఎండకి తూలాడన్నారు ఎవరో. ఇంకెవరో నీళ్ళు చల్లారు. పాస్టరు గారు పక్కన మోకరించి చెయ్యి ఆయన ఛాతీ మీద వేసి ప్రార్థన మొదలుపెట్టారు. చుట్టూ అందరూ కళ్ళు మూసుకున్నారు.

రెండో భాషలో బస్సు డ్రైవరు అందుకున్నాడు. అతని సొంత వ్యాను పది అడుగుల దూరంలోనే ఉంది. ఆమె దానికేసి చూసింది. ఫోను ఎవరో చేసే ఉంటారనుకుంది. తర్వాత తెలిసింది, అందరూ అలాగే అనుకున్నారని. మూడో ప్రార్థన నడుస్తుండగా ఆయన కళ్ళు తెరిచి ఆమెనే చూశాడు, పెదాలు కదిపాడు. లేవదీయండి అని అరుద్దామని నోటిదాకా వచ్చింది. వాళ్ళ వంతు మధ్యలో తెంపితే ఏమనుకుంటారో, తన మొగుడి కోసమేగా వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు అని ఆగింది. నాలుగోది రొట్టెల దుకాణం ఆవిడది. ఆవిడ ఎక్కిళ్ళ మధ్య నెమ్మదిగా చేసింది.

తర్వాత ఐదోది, ఆమెది. ఎప్పుడూ రెండు ముక్కల్లో ముగిస్తుందని ఆమెను ఏడిపించేవాళ్ళు. ఆ రోజు మాత్రం ఆయన కోసం కదా అని ఒక్కటీ వదలకుండా అడిగింది. ఆయన ఆయుష్షు, ఆయన పని, ఇంకా కట్టుకోని ఇల్లు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి ఆయన చూపు ఆమె మీద లేదు.

ఆసుపత్రిలో డాక్టరు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటూ, పావుగంట ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళం అన్నాడు. మామూలుగా అనే మాటలాగే అన్నాడు. ఆ పావుగంట ఎక్కడ పోయిందో ఆమెకి తెలుసు. ఎవరితోనూ అనలేదు. ఈ ఊళ్ళో ఆమెకి పుట్టింటివాళ్ళైనా అత్తింటివాళ్ళైనా ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళే. నలభై రోజులు వంతులేసుకుని ఆమెకి అన్నం తెచ్చిపెట్టారు. వాళ్ళ మొహాన ఆ మాట పడేస్తే ఆదివారం పూట ఎవరి పక్కన కూర్చుంటుంది? ఆ ఐదు ప్రార్థనల్లో తనదీ ఒకటాయె. అందుకే మింగింది. మింగిన ప్రతి ఆదివారం అన్నం దిగేది కాదు.

శనివారం సాయంత్రం ముగ్గురు ఇంటికి వచ్చారు. పాస్టరు గారు, బస్సు డ్రైవరు, రొట్టెలావిడ. ఆమె మిషను మీది బట్టలు పక్కకి తీసి కూర్చోమంది. ఆమె మీది గౌరవంతో ఆట ఆపేశామని, బంతి బీరువాలో పెట్టి తాళం వేశామని చెప్పారు. ఆట లేక కుర్రకారు రావడం మానేశారట. బల్ల సగం ఖాళీగా ఉంటోందట. గిన్నెలన్నీ ఆడవాళ్ళ నెత్తినే పడ్డాయని రొట్టెలావిడ నవ్వబోయి మానుకుంది. నువ్వు ఊ అంటేనే మళ్ళీ ఆడతాం, లేదంటే ఆ మాటే ఎత్తం అన్నాడు డ్రైవరు.

"ఆడండి," అంది ఆమె. "ఆట ఏం చేసింది?"

డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. రొట్టెలావిడ లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. అంతటితో లేచి వెళ్ళి ఉంటే ఆ మాట ఆమె కడుపులోనే ఇంకో నాలుగేళ్ళు ఉండేది.

పాస్టరు గారికి తెలుగు పొడిపొడిగా వస్తుంది. ఆ మాత్రం తెలుగులోనే, ఎంతో ప్రేమగా అన్నారు.

"రేపు ముందు ప్రార్థన, అమ్మా. అదే చోట, గోలు దగ్గర. ఐదు భాషల్లో. చివర నువ్వు. ఆ రోజు మనం అందరం చుట్టూ ఉన్నాం, ప్రార్థన చేశాం, అందుకే గోడ ప్రశాంతంగా వెళ్ళాడు. కదమ్మా?"

ఆమె రొట్టెలావిడ చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది.

"ప్రశాంతంగా పోలేదండీ. మనందరి వంతులూ అయ్యేదాకా ఆగి, అప్పుడు పోయాడు."